ప్రేక్షకుడూ పౌరుడూ

1951 చివర మొదలై 1952 తొలినెలలలో ముగిసిన ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో 17 కోట్లకు పైగా భారతీయుల పేర్లు ఓటర్ల జాబితాలకెక్కాయి. వారిలో అధిక సంఖ్యాకులు చదువురానివారు. వారికోసమే పెట్టెలమీద కాడి కట్టిన ఎడ్ల జతనూ, గుడిసెనూ, దీపాన్నీ, కంకినీ కొడవలినీ బొమ్మలుగా అంటించవలసివచ్చింది. రాజ్యాంగ నిర్మాతలు ఈ ఓటరును ఏ పరీక్షకూ పెట్టలేదు. అతనికి ఆస్తి ఉన్నదా, అక్షరం వచ్చునా, ఆవేశపరుడా, నిదానస్థుడా అని అడుగలేదు. ఇరవైయొక్క సంవత్సరాలు నిండితే చాలునన్నారు. దేశాన్ని ఎవరు పాలించవలెననే ప్రశ్నకు అతడు చెప్పినదే తుది సమాధానం కావలెనని శాసించారు.

సరిగా ఆ 1952 మార్చిలోనే సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది. ఆ ఓటరే ఒక సాయంకాలం పొలంనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కొని కూర్చున్నప్పుడు, అతడు చూడబోయే చిత్రాన్ని అతనికంటె ముందుగా మరికొందరు చూచి, ఇది ఇతడు చూడదగినదే అని సంతకం చేసి ఉండవలె. ఉదయం రాజ్యభారాన్ని అప్పగించదగినంత పెద్దవాడు, దీపాలు పెట్టేవేళకు చేయిపట్టి నడిపించవలసిన పసివాడు ఎట్లా అయినాడు? చలనచిత్రాలను గూర్చి సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ముఖ్య వ్యాజ్యాలలో వాదప్రతివాదాలు సెక్షన్ల భాషలో సాగాయి. కాని ఆ భాష అడుగున ఉన్నది ఈ ప్రశ్నే. ఇది న్యాయశాస్త్రానికి సంబంధించినదానికంటె నీతిశాస్త్రానికి సంబంధించినది: ఒక వయోజనుని అతని కన్నులనుంచే కాపాడే హక్కు మరొక వయోజనునికి ఉన్నదా?

ఈ చట్టం ఆకాశంనుంచి ఊడిపడలేదు. విదేశీ ప్రభుత్వం 1918లోనే సినిమాలను అదుపులో పెట్టే చట్టం చేసింది. పాలితులను పసివారుగా భావించడం ఆ ప్రభుత్వానికి స్వభావం. అట్లా భావించకపోతే దాని ఉనికికే సమర్థన లేదు. స్వతంత్ర ప్రభుత్వం ఆ అలవాటును అంత సులభంగా వారసత్వంలో స్వీకరించడమే విచారింపదగిన విషయం. 1950లో మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానీయకుండా నిషేధించిన 'క్రాస్ రోడ్స్' పత్రిక తరఫున రమేశ్ థాపర్ తెచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు భావప్రకటన స్వాతంత్ర్యానికి విశాలమైన అర్థం చెప్పింది. మరుసటి సంవత్సరమే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, ఆ స్వాతంత్ర్యానికి విధించదగిన పరిమితులలో ప్రజాశాంతిని కూడా చేర్చింది. ఆ సవరణ చేసిన పార్లమెంటు వయోజన ఓటుతో ఎన్నికైనది కాదు. ఆ ఎన్నికలు ఇంకా జరుగవలసి ఉన్నాయి. ప్రజలు నోరు తెరవకముందే ప్రజల చెవులను గూర్చి జాగ్రత్త పడడం జరిగింది.

ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ పత్రికారచయిత, నవలాకారుడు, 'ఆవారా' చిత్రానికి రచన సమకూర్చినవారు. 1968లో వారు కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరాల జీవితాన్ని చూపుతూ 'నాలుగు నగరాల కథ' అనే చిన్న డాక్యుమెంటరీ తీశారు. ఒకవంక ఆకాశాన్నంటే భవనాలు, విలాసవంతమైన హోటళ్ళు. మరొకవంక వాటిని చెమటోడ్చి కట్టినవారి గుడిసెలు. బొంబాయి వేశ్యావాటిక కూడా కొద్ది క్షణాలు తెరమీద కనిపిస్తుంది. సెన్సారు సంఘంవారు దీనిని పెద్దలకు మాత్రమే చూపవచ్చునన్నారు. తరువాత, ఆ భాగాలు కత్తిరించినట్లయితే అందరికీ చూపవచ్చునన్నారు. అబ్బాస్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. విచారణ సాగుతుండగా ప్రభుత్వం వెనుకకు తగ్గి, ఏ కత్తిరింపూ లేకుండానే అందరికీ చూపే సర్టిఫికెట్టు ఇవ్వడానికి ఒప్పుకున్నది. మరొకరైతే అంతటితో సంతోషించి ఇంటికి పోయేవారు. అబ్బాస్ పిటీషనును సవరించి, చిత్రాలను ముందుగా పరిశీలించే పద్ధతే రాజ్యాంగ విరుద్ధమనే వాదానికి దిగారు. చేతికి అందిన లాభాన్ని పక్కకు పెట్టి సూత్రం కోసం పోరాడే వాదులు న్యాయస్థానాల చరిత్రలో అరుదు.

1970 సెప్టెంబరు 24న ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు తీర్పు చెప్పారు. అబ్బాస్ వాదం ఓడిపోయింది. చలనచిత్రం ఇతర కళలవంటిది కాదనీ, అది మనసును కదిలించినంత లోతుగా మరే కళా కదిలించదనీ, పసివారూ యౌవనంలో అడుగిడుతున్నవారూ తెరమీద చూచినదానిని నమ్మి అనుకరించబోతారనీ న్యాయస్థానం అభిప్రాయపడింది. అందువల్ల ముందస్తు పరిశీలన ధర్మవిరుద్ధం కాదన్నది. అయితే ఇదే తీర్పులో మరొక స్వరం కూడా వినవస్తుంది. స్త్రీపురుష సంబంధం తెరమీద కనిపించినంత మాత్రాన అది అశ్లీలం కాదనీ, సమాజంలోని అత్యంత దుర్బలులను, అత్యంత భ్రష్టులను కాపాడే కొలతతో ఆరోగ్యవంతమైన మనస్సు కలవారు ఏమి చూడవలెనో నిర్ణయించరాదనీ ఆ న్యాయమూర్తే వ్రాశారు. ప్రభుత్వం కళకూ కళ కానిదానికీ భేదం తెలిసేటట్లు నియమాలు చేయలేదని మందలించారు. పరిశీలక సంఘం నిర్ణయంమీద అప్పీలు మంత్రిత్వశాఖకు కాక స్వతంత్ర సంస్థకు ఉండవలెనని అబ్బాస్ కోరిన సంస్కరణ కూడా ఆ వ్యాజ్యం ఫలితంగానే అంగీకారం పొందింది. 1983లో అప్పీలు ట్రిబ్యునల్ ఏర్పడింది. 2021లో దానిని రద్దు చేశారు. నిర్మాత ఇప్పుడు తిరిగి హైకోర్టు మెట్లెక్కవలసిందే.

ఒకే తీర్పులో రెండు స్వరాలు ఎందుకు ఉన్నాయో తెలియాలంటే ఆరు సంవత్సరాలు వెనుకకు పోవలె. 1964లో బొంబాయి పుస్తక విక్రేత రంజిత్ ఉదేశీ వ్యాజ్యంలో తీర్పు వ్రాసినవారు కూడా హిదయతుల్లాగారే. డి. హెచ్. లారెన్స్ నవల 'లేడీ చాటర్లీస్ లవర్' అమ్మడం నేరమా కాదా అన్నది అక్కడి ప్రశ్న. ఇంగ్లండులో ఆ పుస్తకాన్ని ప్రచురించినవారు 1960లోనే జ్యూరీ చేత నిర్దోషులుగా విడుదలయ్యారు. ఇక్కడ మాత్రం 1868 నాటి ఒక ఇంగ్లీషు తీర్పులోని సూత్రాన్ని తీసుకొని శిక్షను ఖాయం చేశారు. ఆ సూత్రం ప్రకారం చూడవలసినది సగటు పాఠకుని కాదు. చెడిపోవడానికి సిద్ధంగా ఉన్న మనస్సును. అట్టివాని చేతికి పుస్తకం చిక్కితే ఏమవుతుంది అనేదే పరీక్ష. 1964లో కొలత దుర్బలుడు. 1970లో దుర్బలుడు కొలత కారాదు. ఈ రెండింటి నడుమ ఒక న్యాయమూర్తి ఆలోచన పెరిగిన తీరు కనిపిస్తుంది. ఒక దేశపు సంకోచం కూడా కనిపిస్తుంది. ఆ పాత సూత్రాన్ని సుప్రీంకోర్టు స్పష్టంగా విడిచిపెట్టడానికి 2014 వరకు ఆగవలసివచ్చింది.

చెడిపోయే ఆ మనిషి ఎవరు? ఇది అడుగదగిన ప్రశ్నే. ఎందువల్లనంటే అతనిని ఎవరూ చూడలేదు. సెన్సారు సంఘంలోని సభ్యులు సంవత్సరాల తరబడి, ఇతరులు చూడరాని దృశ్యాలన్నిటినీ చూస్తూ వచ్చారు. వారిలో ఎవరూ ఆ కారణాన చెడిపోయినట్లు నమోదు కాలేదు. న్యాయమూర్తులు అభ్యంతరకరమని చెప్పబడిన గ్రంథాన్ని ఆసాంతం చదువుతారు. చదివి, నిష్కళంకులై, తీర్పు వ్రాస్తారు. న్యాయవాదులూ అంతే. భయమంతా మరొకని గూర్చి. ఆ మరొకడు ఎల్లప్పుడూ తక్కువ తరగతి టిక్కెట్టు కొన్నవాడే. బాల్కనీలో కూర్చున్నవాడు చూచి మరచిపోతాడని, నేలమీద కూర్చున్నవాడు చూచి లేచి కత్తి పట్టుకుంటాడని ఒక విశ్వాసం. దీనిని ఏ చట్టమూ వ్రాతమూలకంగా చెప్పలేదు. కాని చట్టాన్ని ప్రయోగించేవారి చేతులలో ఇది మొదటినుంచీ ఉన్నది.

సినిమాకు శక్తి లేదని ఎవరూ అనలేరు. తెలుగుదేశంలో దానికి సాక్ష్యం వెదకనక్కరలేదు. రాముడుగా, కృష్ణుడుగా తెరమీద దర్శనమిచ్చిన నందమూరి తారక రామారావుగారు 1982 మార్చిలో పార్టీ స్థాపించి, 1983 జనవరిలో రాష్ట్రాధికారం చేపట్టారు. తెరమీది దేవునికీ అభ్యర్థికీ భేదం తెలియని అమాయకులు వోట్లు వేశారని అప్పుడు పెద్దలు కొందరు చులకనగా నవ్వారు. కాని ఆ అమాయకులే 1989లో ఆ ప్రభుత్వాన్ని దించివేశారు. కల్వకుర్తిలో రామారావుగారిని స్వయంగా ఓడించారు. 1994లో మళ్ళీ గెలిపించారు. భక్తులు దేవుని పట్ల ఇట్లా ప్రవర్తించరు. తెరకూ పరిపాలనకూ గల దూరాన్ని నేల టిక్కెట్టువాడు ఎరుగునని ఒప్పుకోవడానికి ఇంతకుమించిన ఋజువు అవసరం లేదు.

న్యాయస్థానాల ఊహలో మరొక మనిషి కూడా ఉన్నాడు. స్వాతంత్ర్యం వచ్చే రోజులలో నాగపూరు హైకోర్టులో న్యాయమూర్తిగా ఉన్న వివియన్ బోస్‌గారు ఒక తీర్పులో అతనిని ప్రవేశపెట్టారు. మాటల ప్రభావాన్ని వివేకవంతుడు, దృఢచిత్తుడు, ధైర్యశాలి అయిన మనిషిని దృష్టిలో పెట్టుకొని తూచవలెనే కాని, ఊగిసలాడే మనస్సు కలవానినీ, ప్రతి విరుద్ధాభిప్రాయంలోనూ అపాయాన్ని వాసన పట్టేవానినీ దృష్టిలో పెట్టుకొని కాదని వారి అభిప్రాయం. ఈ మాట చాలాకాలం న్యాయవాదుల గ్రంథాలలోనే పడి ఉన్నది. దానికి మళ్ళీ ప్రాణం వచ్చినది 1988లో, 'తమస్' విషయంలో.

భీష్మ సహానీ రావల్పిండిలో పుట్టినవారు. దేశవిభజన ముందునాటి పంజాబు అల్లర్లను కథావస్తువుగా తీసుకొని వారు వ్రాసిన హిందీ నవలకు 1975లో సాహిత్య అకాడెమీ బహుమానం లభించింది. ఎవరో డబ్బిచ్చి ఒక చర్మకారుని చేత పందిని చంపించడం, దాని కళేబరం మసీదు మెట్లమీద ప్రత్యక్షం కావడం, నగరం మండిపోవడం - కథ ఇట్లా ప్రారంభమవుతుంది. చంపినవానికి తాను ఏ పనికి సాధనమైనాడో తెలియదు. తెలిసిన తరువాత అతనికి నిద్ర లేదు. గోవింద్ నిహలానీ ఈ నవలను ధారావాహికగా తీయగా 1988 జనవరిలో దూరదర్శన్ ప్రసారం చేసింది. అప్పటికి ఈ దేశంలో దూరదర్శన్ తప్ప మరొక టెలివిజన్ లేదు. హాలుకు వెళ్ళడం, మానడం ప్రేక్షకుని ఇష్టం. దూరదర్శన్ మాత్రం నట్టింటికి వచ్చి కూర్చున్నది. పాత పుండు రేగుతుందని, మతకలహాలు చెలరేగుతాయని కొందరు భయపడ్డారు. ప్రసారం ఆపవలెనని వ్యాజ్యాలు వచ్చాయి. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు లెంటిన్‌గారు, సుజాతా మనోహర్‌గారు ధారావాహిక నంతటినీ కూర్చుని చూచారు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. చూడకుండానే నిషేధించవలెననేవారి నడుమ, పూర్తిగా చూచిన తరువాతనే మాట్లాడడం అనేది దానంతట అదే ఒక నైతిక స్థితి.

ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రసారాన్ని సమర్థించింది. సవ్యసాచి ముఖర్జీగారి తీర్పు బోస్‌గారి దృఢచిత్తుని పిలిచి సాక్ష్యం అడిగింది. సగటు మనిషి ఈ కథ చూచి పక్కింటివానిమీదికి కత్తి తీయడు. ద్వేషాన్ని రగిలించినవారెవరో, దానిలో కాలిపోయినవారెవరో గ్రహిస్తాడు. గతంనుంచి నేర్చుకుంటాడు అని తీర్పు సారాంశం. దీనిని ఋజువైన సత్యమని చెప్పలేము. న్యాయమూర్తులకు కోట్లాది ప్రేక్షకుల మనస్సులు తెలియవు. అబ్బాస్ తీర్పు ప్రేక్షకుని గూర్చి భయపడినప్పుడు ఎంత ఊహ ఉన్నదో, 'తమస్' తీర్పు అతనిని విశ్వసించినప్పుడూ అంత ఊహే ఉన్నది. భేదం ఒక్కటే: రెండవ ఊహ రాజ్యాంగం చేసిన ఊహతో కలుస్తుంది. వయోజన ఓటు కూడా ఋజువుమీద నిలిచినది కాదు. మనిషిని పెద్దవానిగా చూస్తే పెద్దవాడవుతాడనే నమ్మకంమీద నిలిచినది.

ఈ నమ్మకానికి ఎదురుగా నిలబెట్టదగిన ఉదాహరణ ఒకటి ఉన్నది. దానిని దాటిపోవడం న్యాయం కాదు. 1959 ఏప్రిల్ 27న నౌకాదళ కమాండరు నానావతి తన భార్యతో సంబంధం పెట్టుకున్న ఆహూజా అనే వ్యాపారిని బొంబాయిలో కాల్చి చంపాడు. 'బ్లిట్జ్' వారపత్రిక నానావతిని వీరునిగా చేసి నిలబెట్టింది. వీధులలో నానావతి పేరుతో బొమ్మ తుపాకులు అమ్మారని చెప్పుకుంటారు. జ్యూరీలోని తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది అతడు నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఆ నిర్ణయాన్ని అంగీకరించక హైకోర్టుకు నివేదించారు. 1960 మార్చిలో హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించిన నాడే బొంబాయి గవర్నరు శిక్ష అమలును నిలిపివేశారు. అప్పీలు సుప్రీంకోర్టులో ఉండగా గవర్నరు ఇట్లా చేయవచ్చునా అన్నది పెద్ద రాజ్యాంగ సమస్య అయింది. చేయరాదని అదే సంవత్సరం సెప్టెంబరులో అధికసంఖ్యాక న్యాయమూర్తులు చెప్పారు. 1961 నవంబరు 24న శిక్షను ఖాయపరుస్తూ తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరానికి చెందిన కోకా సుబ్బారావుగారు. తీవ్రమైన, హఠాత్తైన రెచ్చగొట్టుడు వల్ల జరిగిన హత్యా కాదా అని తేల్చడానికి వారు కూడా ఒక వివేకవంతుని ఊహించుకున్నారు: నిందితుని సమాజానికి చెందిన సామాన్య వివేకి ఆ పరిస్థితిలో తన్ను తాను కోల్పోయేవాడా? భార్యను, పిల్లలను సినిమా హాలు దగ్గర దింపి, ఓడకు వెళ్ళి, రివాల్వరు తీసుకొని, ఆ ఇంటికి చేరేంతవరకు గడిచిన గంటలు చల్లబడడానికి చాలునని నిర్ణయించారు. 1964లో నానావతికి క్షమాభిక్ష లభించింది. 1963లో 'యే రాస్తే హై ప్యార్ కే', 1973లో 'అచానక్', 2016లో 'రుస్తుం' అనే హిందీ చిత్రాలకు ఈ కథ ఆధారమయింది.

సామాన్యుని చేతికి తీర్పు అప్పగిస్తే ఏమవుతుందో చూడండని చెప్పడానికి ఈ కథను వాడుతుంటారు. జ్యూరీ పద్ధతి పోవడానికి ఇదే కారణమని కూడా అంటారు. అది సరికాదు; జ్యూరీని రద్దు చేయవలెనని లా కమిషన్ 1958లోనే సిఫారసు చేసి ఉన్నది, 1973 నాటి నేరవిచారణ స్మృతి వచ్చేవరకు ఆ పద్ధతి కొన్నిచోట్ల మిగిలే ఉన్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి గమనించవలె. ఆ కథలో ఆవేశానికి లోనైనవారెవరు? 'బ్లిట్జ్' ఇంగ్లీషు వారపత్రిక. దానిని చదివి కన్నీరు కార్చినవారు ఇంగ్లీషు వచ్చిన నగరవాసులు. శిక్షను అదేనాడు ఆపివేసినవారు రాజభవనంలో ఉన్నారు. నేల టిక్కెట్టువాడు ఇందులో ఎక్కడా లేడు. మనస్సు కరగడం, నిజాన్ని మరచి కథను నమ్మడం చదువురానివారి వ్యాధి అయితే దానికి సెన్సారు మందు కావచ్చునేమో. అది మనుష్యులందరి స్వభావమైనప్పుడు కొందరిని వైద్యులుగానూ కొందరిని రోగులుగానూ విభజించడానికి ఆధారం ఏమున్నది?

నిజమైన కష్టం మరొకచోట వచ్చింది. ప్రేక్షకుడు చెడిపోతాడనే వాదం బలహీనపడినకొద్దీ, ప్రేక్షకుడు కానివాడు కోపగిస్తాడనే వాదం బలపడింది. 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ చిత్రంలో ఒక బ్రాహ్మణ బాలిక తప్పుడు కులపత్రంతో ఉద్యోగం సంపాదిస్తుంది. రిజర్వేషన్లను విమర్శించే ఈ చిత్రానికి జాతీయ బహుమానం కూడా వచ్చింది. కాని ప్రదర్శిస్తే అల్లర్లు జరుగుతాయనే వాదం వచ్చి, మద్రాసు హైకోర్టు సర్టిఫికెట్టును రద్దు చేసింది. 1989 మార్చిలో జస్టిస్ జగన్నాథ శెట్టిగారు ఆ తీర్పును త్రోసిపుచ్చారు. వెలుగు తగ్గిన హాలులో సినిమా మనస్సును ఎంతగా పట్టుకుంటుందో వారూ ఒప్పుకున్నారు. ముందస్తు పరిశీలన అవసరమేనన్నారు. అయితే భావానికీ అపాయానికీ నడుమ ఉండవలసిన సంబంధం తుపాకిమందు పీపాకూ నిప్పురవ్వకూ ఉన్నంత దగ్గరిది కావలెనన్నారు. అల్లరి చేస్తామని బెదిరించేవారిని అదుపులో పెట్టలేమని చెప్పి ప్రభుత్వం మాట్లాడేవాని నోరు మూయరాదన్నారు. ఈ చివరి మాటలో నీతి ఉన్నది. చిత్రం చూచి సహించలేనివానికి హాలు బయటనే ఉండే స్వాతంత్ర్యం ఎల్లప్పుడూ ఉన్నది. హాలులోనివారిని కూడా బయటికి ఈడ్చే స్వాతంత్ర్యం అతనికి ఎక్కడినుంచి వచ్చింది?

తీర్పు గొప్పదే. ఆచరణ వేరు. 2006లో 'ది డావిన్సీ కోడ్' చిత్రానికి సెన్సారు అనుమతి ఉన్నప్పటికీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానిని నిషేధించింది. హైదరాబాదు హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేయవలసివచ్చింది. 2018 జనవరిలో 'పద్మావత్' చిత్రాన్ని నాలుగు రాష్ట్రాలు ఆపబోగా సుప్రీంకోర్టు ఆ పాత సూత్రాన్నే మళ్ళీ చెప్పవలసివచ్చింది. ఒకసారి గెలిచిన వ్యాజ్యాన్ని ప్రతి తరంలోనూ తిరిగి గెలవవలసిరావడం ఏమి సూచిస్తుందో పాలకులు ఆలోచించవలె.

ఇంతవరకు వాదమంతా చూచేవానిని గూర్చి. చూడబడేవారి సంగతి ఏమి? శేఖర్ కపూర్ తీసిన 'బాండిట్ క్వీన్' ఈ ప్రశ్నను బయటికి లాగింది. ఫూలన్ దేవి అప్పటికి బ్రతికి ఉన్నారు. తన జీవితాన్ని, తనమీద జరిగిన అత్యాచారాలను తన సమ్మతి లేకుండా తెరకెక్కించారని ఆమె 1994లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి ప్రదర్శనను నిలిపివేయించారు. బ్రతికి ఉన్న స్త్రీమీద జరిగిన అత్యాచారాన్ని ఆమె అనుమతి లేకుండా తిరిగి ప్రదర్శించే అధికారం ఎవరిచ్చారని అరుంధతీ రాయ్ ఆ రోజులలోనే ప్రశ్నించారు. తరువాత నిర్మాతలతో రాజీ కుదిరింది. కాని సుప్రీంకోర్టుకు వచ్చిన వ్యాజ్యం ఆమెది కాదు. తన కులానికి అపకీర్తి వచ్చిందని ఒక వ్యక్తి తెచ్చినది. 1996 మే 1న తీర్పు చెబుతూ, ఆ చిత్రంలోని నగ్నత్వం కామాన్ని కాక జుగుప్సనూ కరుణనూ కలిగించేదని జస్టిస్ భరూచాగారు అన్నారు. వక్రబుద్ధి కలవారిని కాపాడడానికో, అతిసున్నిత మనస్కులను ఊరడించడానికో సెన్సారు ఉండదన్నారు. ప్రేక్షకుని దృష్టినుంచి చూస్తే ఇది నిర్దుష్టమైన తీర్పు. ప్రేక్షకుడు పెద్దవాడే, అతడు చూడగలడు, చూచి తలవంచుకోగలడు.

అయినా ఏదో మిగిలిపోయింది. 1994లోనే మరొక వ్యాజ్యంలో ఇదే సుప్రీంకోర్టు, పౌరునికి తన బ్రతుకు తాను ఒంటరిగా బ్రతికే హక్కు ఉన్నదనీ, న్యాయస్థాన దస్త్రాలలో ఉన్న సంగతులనైనా సరే అత్యాచారానికి గురైన స్త్రీ విషయంలో పేరుతో సహా రచ్చకెక్కించరాదనీ చెప్పి ఉన్నది. ఆ సూత్రం ఈ చిత్రానికి ఎంతవరకు వర్తిస్తుందో 1996 వ్యాజ్యంలో తేల్చవలసిన అవసరం రాలేదు. కరుణ కలిగించడం గొప్ప పనే. కాని కరుణకు పాత్రమైనవారు దానిని కోరినారా అనేది అడుగవలసిన మాట. ప్రేక్షకుని వయస్సును గూర్చి ఇంత వాదించిన చట్టం ఆ స్త్రీ అనుమతిని గూర్చి తగినంత వాదించలేదు. సెన్సారును వ్యతిరేకించే ఉదారవాదులు కూడా ఈ చోట తొందరగా నడిచిపోయారు. ఆ తీర్పు వచ్చిన వారాలలోనే సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. మీర్జాపూరు ఓటర్లు ఫూలన్ దేవిని లోక్‌సభకు పంపారు. తెరమీద ఆమెను మౌనంగా చూపించినవారు, చూచినవారు ఎందరైనా ఉండవచ్చు. ఆమె నోటిమాట కావలెనన్నవారు ఆ ఓటర్లే.

చట్టం ప్రేక్షకుని కొన్ని చూడవద్దనడంతో ఆగలేదు. ఒక దశలో అతడు ఎట్లా కూర్చోవలెనో, ఎప్పుడు లేవవలెనో కూడా చెప్పింది. 1962 చైనా యుద్ధం తరువాత సినిమా ముగియగానే జాతీయగీతం వినిపించేవారు; సగంమంది అప్పటికే తలుపుల దగ్గరికి చేరేవారు. కాలక్రమాన ఆ ఆచారం సన్నగిల్లింది. 2001లో వచ్చిన 'కభీ ఖుషీ కభీ గమ్' చిత్రంలో జాతీయగీతం పాడే దృశ్యం ఉన్నది. అప్పుడు ప్రేక్షకులు నిలబడలేదని మధ్యప్రదేశ్ హైకోర్టుకు ఒకరు వెళ్ళారు. ఆ కథ సాగి సాగి, 2016 నవంబరు 30న, దేశంలోని ప్రతి సినిమా హాలులోనూ చిత్రానికి ముందు జాతీయగీతం వినిపించవలెననీ, తలుపులు మూసి ఉంచవలెననీ, అందరూ నిలబడవలెననీ సుప్రీంకోర్టు ఉత్తరువు చేసింది. మరుసటి నెలలో తిరువనంతపురం చలనచిత్రోత్సవంలో నిలబడనందుకు కొందరిని పోలీసులు పట్టుకున్నారు.

ఇదే న్యాయస్థానం ముప్పై సంవత్సరాలకు పూర్వం మరొక విధంగా మాట్లాడింది. కేరళలో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం వినిపించినప్పుడు గౌరవంగా నిలబడేవారు కాని, మతవిశ్వాసం వల్ల పాడేవారు కాదు. వారిని బడినుంచి పంపివేశారు. 1986లో తీర్పు వ్రాసినవారు తెలుగువారైన ఓ. చిన్నప్ప రెడ్డిగారు. పాడకపోవడం అవమానం కాదన్నారు. సహనమే మన సంప్రదాయం, మన తత్త్వం, మన రాజ్యాంగం బోధించేదని అన్నారు. ఆ పిల్లల మౌనానికి అర్థం ఏమిటో వారినే అడిగి తెలుసుకున్న తీర్పు అది. 2016 ఉత్తరువులో ఎవరి మనస్సునూ అడిగి తెలుసుకునే అవకాశం లేదు. దేశభక్తికి మోకాళ్ళు నిటారుగా ఉండడమే గుర్తు అయింది. 2017 అక్టోబరులో జస్టిస్ చంద్రచూడ్‌గారు, వినోదం కోసం హాలుకు వచ్చినవారు తమ భక్తిని బాహాటంగా ప్రదర్శించి ఎందుకు ఋజువు చేసుకోవలెనని ప్రశ్నించారు. 2018 జనవరి 9న సుప్రీంకోర్టు తన ఉత్తరువును తానే సడలించి, గీతం వినిపించడం హాలు యజమానుల ఇష్టానికి విడిచిపెట్టింది. వినిపించినచోట మాత్రం, అంగవైకల్యం కలవారు తప్ప అందరూ లేచి నిలబడవలె. అట్లా నిలబడినవాడు చట్టానికి జంకి లేచాడో, చిన్ననాటి బడి అలవాటు వల్ల లేచాడో, పక్క కుర్చీలోనివాని చూపుకు లేచాడో, నిండుమనస్సుతోనే లేచాడో, దీపాలార్పిన హాలులో పోల్చుకోవడానికి వీలులేదు.